ఇంటి వీడియోలకు ఏ కంప్యూటర్ కొనాలి?

మీ బీరువాలో పెళ్లినాటి వీడియో క్యాసెట్లు ఉన్నాయా? టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది. వీసీఆర్లు చివరివరకు తయారుచేసిన ఫునాయ్ సంస్థ కూడా 2016లో ఆపివేసింది. కనుక ఆలస్యం చేయవద్దు. ఇందుకు ఖరీదైన కంప్యూటర్ కావాలా? అక్కరలేదు.

క్యాసెట్‌లోని బొమ్మను డీవీ పద్ధతిలో ఎక్కిస్తే గంటకు దాదాపు 13 జీబీ అవుతుంది. నాణ్యత పెద్దగా పోకుండా దాన్ని కుదించడమే ఎన్‌కోడింగ్. ఇది రెండు విధాలు. మొదటిది, ప్రాసెసర్ కోర్లే లెక్కలన్నీ చేయడం. ఇది నెమ్మది, కాని చిన్న ఫైలులోనే మంచి బొమ్మ వస్తుంది. రెండవది, ఇంటెల్ 2011 నుండి చాలా ప్రాసెసర్లలో ఇస్తున్న క్విక్ సింక్. ఇది వేగం, కాని అంతే నాణ్యతకు ఫైలు పెద్దదవుతుంది.

మరి ఏది కొనాలి? ఆఫీసుల్లో వాడి అమ్మేసిన ఎనిమిదవ తరం ఐ5 డెస్క్‌టాప్ చూడండి. అందులో ఆరు కోర్లూ, క్విక్ సింకూ ఉంటాయి. విండోస్ 11 కూడా నడుస్తుంది. కొత్త ప్రాసెసర్ కొనేవారు ఒకటి గమనించండి: మోడల్ నంబరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే క్విక్ సింక్ ఉండదు. ర్యామ్ 8 జీబీ చాలు. హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

మిగిలిన డబ్బుతో ఏమి చేయాలి? రెండు హార్డ్‌డిస్కులు కొనండి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి బంధువుల ఇంట్లో ఉంచండి. కంప్యూటర్ పాడైతే మరొకటి కొనవచ్చు. అమ్మమ్మ గొంతును ఏ దుకాణంలో కొనగలం?