పండించేది మనమే, నొప్పితో పోయేదీ మనమే

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, నీమచ్ వైపు వెళ్తే, గసగసాల చేలలో రైతులు పచ్చి కాయలకు గాట్లు పెడుతూ కనిపిస్తారు. కారిన పాలు రాత్రంతా చిక్కబడతాయి. మర్నాడు పొద్దున్నే గీకి తీసే ఆ బంకే నల్లమందు. లైసెన్సు ఉన్న రైతే పండించాలి, పండినదంతా కేంద్ర ప్రభుత్వానికే తూచి ఇవ్వాలి. ఈ బంకను చట్టబద్ధంగా తీసి విదేశాలకు అమ్మే దేశం ప్రపంచంలో మనదొక్కటే. మన ఇంట్లో మసాలాకు నూరుకునే గసగసాలు కూడా ఆ కాయలోవే.

నల్లమందు నుంచే మార్ఫిన్ తీస్తారు. కేన్సర్ ఎముకల్లోకి పాకినప్పుడు మనిషి పడుకోలేడు, కూర్చోలేడు, ఎవరైనా మంచం తాకినా కేక పెడతాడు. ఆ నొప్పికి పారాసిటమాల్ ఏ మూలకూ చాలదు. మార్ఫిన్ మాత్ర పనిచేస్తుంది. పాత మందు, ధరా తక్కువే. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి అత్యావశ్యక మందుల జాబితా రాసినప్పుడే ఇది అందులో ఉంది. అయినా 2017లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ లెక్క తీస్తే మన దేశ అవసరంలో తీరుతున్నది సుమారు 4 శాతం. అదే లెక్కలో ప్రపంచానికి ఏటా అందుతున్న మార్ఫిన్ తరహా మందులు దాదాపు 300 టన్నులు. అందులో అత్యంత పేద దేశాలకు చేరేది 100 కిలోలు. టన్నులు కాదు, కిలోలే.

ఎందుకిలా? 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం రెండు మాటలు చెప్పింది. మత్తు వ్యసనాన్ని అరికట్టాలని ఒకటి, నొప్పి తీర్చడానికి ఈ మందులు తప్పనిసరి కాబట్టి అవి తగినంత దొరికేలా చూడాలని రెండోది. దేశాలు మొదటి మాటనే పట్టుకున్నాయి. మన 1985 మత్తుమందుల చట్టమూ అంతే. మార్ఫిన్ కొనడానికి, దాచడానికి, తరలించడానికి వేర్వేరు లైసెన్సులు, వేర్వేరు కార్యాలయాలు. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకోదాని గడువు తీరిపోయేది. చట్టంలో పదేళ్ల కనీస శిక్షలున్నాయని తెలిశాక మందుల షాపులు దాన్ని తెప్పించడమే మానేశాయి. వందల కిలోలున్న దేశ వాడకం 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. మార్ఫిన్ రాయడం నేర్వకుండానే ఒక తరం డాక్టర్లు పట్టాలు పుచ్చుకున్నారు.

కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ బృందం 1993 నుంచి ఈ గోడను తవ్వుతూ వచ్చింది. ఇంటికే మాత్రలిచ్చి పంపితే దారి మళ్లుతాయన్న భయానికి వాళ్లు లెక్కతోనే జవాబు చెప్పారు: రెండేళ్లలో 1,723 మంది రోగులు, దుర్వినియోగం ఒక్కటీ కనబడలేదు. అమెరికాలో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర తెచ్చిన మరణాలను చూశాక ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ అక్కడ జరిగింది లాభం కోసం కంపెనీ సాగించిన ప్రచారం. ఇక్కడ జరిగేది రోగి ముఖం చూసి, మోతాదు రాసుకుని మాత్ర ఇవ్వడం.

2014లో పార్లమెంటు చట్టం సవరించింది. ఇప్పుడు గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఒక్కరి అనుమతి చాలు. హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (నొప్పి ఉపశమన) విభాగం ఏళ్లుగా ఈ మాత్రలు ఇస్తోంది. కానీ జిల్లా నుంచి బస్సెక్కి రాలేని రోగి సంగతే నన్ను వదలదు.

మత్తుమందంటే ఉన్న అదే భయం మత్తుకు బానిసైనవాడినీ చికిత్సకు దూరం చేస్తోంది. రష్యాలో మత్తు వ్యసనానికి ఇచ్చే మెథడోన్ చికిత్స నేటికీ నిషిద్ధం. పోర్చుగల్ మాత్రం 2001లోనే, సొంత వాడకానికి కొద్దిగా మత్తుమందు దగ్గరుంచుకున్నవాడిని జైలుకు కాక కౌన్సెలింగ్‌కు పంపడం మొదలుపెట్టింది. 2019లో ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి తెచ్చిన మానవ హక్కుల మార్గదర్శకాలు నొప్పికి మందునూ, వ్యసనానికి చికిత్సనూ హక్కులుగానే చూశాయి.

మన పోలీసులు ఎన్ని కిలోల గంజాయి పట్టుకున్నారో పత్రికలకు చెబుతారు, మేమూ అచ్చువేస్తాం. ఆ పక్కనే ఇంకో లెక్క కూడా వేయాలని మా డిమాండ్: ఈ నెల ఏ జిల్లా ఆసుపత్రిలో ఎంతమందికి మార్ఫిన్ మాత్ర అందింది, ఎంతమంది అడిగి వట్టి చేతులతో వెళ్లారు.