సంధి కోసం జరిగిన వివాహం

పూర్వం రాజవంశాలలో వివాహాలు తరచుగా రాజ్యాల మధ్య సంధిపత్రాలవలె ఉపయోగపడేవి. వధువు మనసును అడిగేవారు అరుదు. ఇంగ్లండును పాలించిన ట్యూడర్ వంశపు రాజు ఎనిమిదవ హెన్రీకి, రైన్ నదీ ప్రాంతంలోని క్లీవ్స్ సంస్థానపు రాకుమారి ఆన్‌కు 1540లో జరిగిన వివాహం ఇట్టిదే. అది నిలిచింది ఆరు నెలలు మాత్రమే.

హెన్రీ పోపు అధికారాన్ని ధిక్కరించి, 1534లో ఇంగ్లండు చర్చికి తానే అధిపతి అయ్యాడు. అతని మూడవ భార్య జేన్ సేమూర్ 1537లో కుమారుణ్ణి ప్రసవించి, కొద్ది రోజులకే కన్నుమూసింది. మరుసటి ఏడు, చిరకాల శత్రువులైన చక్రవర్తి అయిదవ చార్లెస్, ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ సంధి చేసుకున్నారు. ఈ కాథలిక్ ప్రభువులిద్దరూ ఏకమై దండెత్తుతారేమోనన్న భయం ఇంగ్లండును ఆవరించింది. ఆ సమయంలో మంత్రి థామస్ క్రామ్వెల్ దృష్టి క్లీవ్స్‌పై పడింది. ఆన్ సోదరుడైన క్లీవ్స్ ప్రభువు విలియమ్‌కు, చార్లెస్‌కు గెల్డర్స్ ప్రాంతం విషయమై వివాదం ఉంది. శత్రువుకు శత్రువు మిత్రుడు కదా!

హెన్రీ 1539లో ప్రసిద్ధ చిత్రకారుడు హాన్స్ హోల్బైన్‌ను పంపి ఆన్ చిత్తరువును గీయించాడు. ఆ శరత్కాలంలోనే వివాహ ఒప్పందం కుదిరింది. 1540 జనవరి 1న రాజు మారువేషంలో రోచెస్టర్ వెళ్ళి ఆమెను చూశాడు. ఆమె అతణ్ణి గుర్తించలేదు. రాజు నిరుత్సాహంతో తిరిగివచ్చాడు. అయినా, పెండ్లి మానుకుంటే విలియమ్ శత్రుపక్షంలో చేరుతాడన్న శంకతో జనవరి 6న గ్రీనిచ్‌లో ఆమెను వివాహమాడాడు.

కొద్ది నెలలలో పరిస్థితి మారింది. చార్లెస్, ఫ్రాన్సిస్‌ల మైత్రి సడలసాగింది. క్లీవ్స్ స్నేహం రక్షణకు బదులు, గెల్డర్స్ వివాదం మూలంగా యుద్ధాన్ని తెచ్చిపెట్టేటట్లు కనిపించింది. రాజు మనసు క్యాథరిన్ హోవర్డ్‌పైకి మళ్ళింది. బాల్యంలో ఆన్‌ను లోరెయిన్ ప్రభువు కుమారునికి ఇవ్వ నిశ్చయించారన్నది, దాంపత్యం ఆరంభమే కాలేదన్నది ముఖ్య కారణాలుగా చూపి, జూలై 9న మతాధికారుల సభ ఆ వివాహం చెల్లదని ప్రకటించింది.

పరాయి దేశం; అలవాటు లేని భాష; అండగా నిలిచే బంధువు దగ్గర లేడు. రాజును ప్రతిఘటించిన మొదటి భార్య క్యాథరిన్ రాజసభకు దూరమై మరణించింది. రెండవ భార్య ఆన్ బొలీన్ 1536లో శిరచ్ఛేదానికి గురి అయింది. ఇవన్నీ తెలిసిన ఆన్ వివాహ రద్దుకు సమ్మతించింది. ప్రతిఫలంగా ఆమెకు రాజు సోదరి అన్న గౌరవం, రిచ్మండ్ భవనం, హీవర్ కోట, సాలీనా ఆదాయం లభించాయి. వివాహాన్ని కుదిర్చిన క్రామ్వెల్‌కు మాత్రం రాజద్రోహ నేరంపై జూలై 28న మరణశిక్ష అమలైంది. ఆనాడే హెన్రీ క్యాథరిన్ హోవర్డ్‌ను పెండ్లాడాడు. రెండేండ్లు తిరగకముందే ఆమెకూ శిరచ్ఛేదం తప్పలేదు.

ఆన్ హెన్రీ కంటె పదేండ్లు ఎక్కువ జీవించి, 1557లో మరణించింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆమె సమాధి ఉంది. ఆ బంధం ముడిపడినప్పుడు ఆమె అభిప్రాయానికి విలువ లేదు. విడిపోయేటప్పుడు ఆమె సమ్మతి రాజుకే అవసరమైంది. మాట చెల్లిన ఆ ఒక్క క్షణంలో ఆమె చూపిన వివేకమే ఆమె ప్రాణాన్నీ గౌరవాన్నీ నిలబెట్టింది.