తెర మీది డాక్టరు కూలీ తీరిక వేళకు దొరకాలి

వ్యవసాయ కార్మికునికి జబ్బు ఖర్చు మందుల షాపులో మొదలవదు, పని మానుకున్న పూటే మొదలవుతుంది. రేపల్లె వైపు కూలీ గుండెకో, నరాలకో పెద్ద డాక్టరుకు చూపించుకోవాలంటే తెనాలి మీదుగా గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలి. వెంట ఇంకో మనిషి ఉండాలి. ఇద్దరి కూలీ పోయినట్టే. చార్జీలు, తిండి అదనం. 2022లో బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలో చేరాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. జిల్లా మారింది గాని పెద్ద జబ్బుకు దారి మారలేదు.

డాక్టరునే తెర మీద ఊళ్లోకి రప్పించరాదా? రప్పించవచ్చు. 2000 మార్చిలోనే చిత్తూరు జిల్లా అరగొండను ఉపగ్రహం ద్వారా మద్రాసు అపోలోతో కలిపారు. క్లింటన్ ప్రారంభించాడు. అది ఆ ఆసుపత్రి వ్యవస్థాపకుని సొంతవూరు. కూలీల ఊళ్లకు రావాలంటే మాత్రం ప్రభుత్వమే తేవాలి.

2019 నవంబరులో ఈ-సంజీవని అలా వచ్చింది. ముందుగా అమలు చేసింది మన రాష్ట్రమే. ఊరి ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది రోగికి బీపీ, షుగరు చూసి, దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడిస్తారు. 2020 ఏప్రిల్ నుంచి ఇంట్లో ఫోను ద్వారా కూడా చూపించుకోవచ్చు.

దీంతో ఏది అవుతుంది, ఏది కాదు? చర్మ రోగం, షుగరు, బీపీ, పాత జబ్బుకు మందు మార్పు - ఇవి తెర మీద తేలతాయి. కడుపు నొక్కి చూడాల్సిన నొప్పి, కాన్పు, పాముకాటు తేలవు. గుండెపోటులో సగం పని అవుతుంది. దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండె డాక్టరుకు పంపితే, ఆయన చెప్పగానే గడ్డ కరిగించే ఇంజక్షన్ అక్కడే ఇవ్వవచ్చు. కాని ఆ ఇంజక్షన్ బీరువాలో ఉండాలి, వేసే డాక్టరు డ్యూటీలో ఉండాలి. ఖాళీ పోస్టును తెర నింపదు.

ఇంకో చిక్కు వేళది. నాట్ల రోజుల్లో తెల్లారకముందే ఆటో ఎక్కిన ఆడకూలీ పొద్దుగూకే వేళకు ఇల్లు చేరితే, కేంద్రం తలుపు వేసి ఉంటుంది. ఫోనులో చూపించుకోమంటే, ఆ ఫోను ఇంటికి ఒకటే, అదీ కొడుకు చేతిలో.

అందుకే మూడు ప్రాంతాల సంఘాలూ అడగాల్సింది ఇది: నాట్లు, కోతల కాలంలో వారానికి రెండు సాయంత్రాలైనా ఈ సేవ నడపాలి. ఏ డాక్టరు ఏ వేళకు దొరుకుతాడో కేంద్రం గోడ మీద రాయాలి. రాసిన మందు అక్కడే ఇవ్వాలి. గుంటూరు పొమ్మంటే తేదీ ఖాయం చేసి పంపాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఖాళీలు నింపాలి.

ఇవి గ్రామసభలో తీర్మానం చేయించండి. నకలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.