ముద్ద దిగనప్పుడు

ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన ఇంట్లో తొలి గొడవ తరచూ కంచం దగ్గరే మొదలవుతుంది. “ఇంకొక్క ముద్ద తినండి” అని భార్య బతిమాలుతుంది. ఆయన మొహం తిప్పుకుంటాడు. తినకపోతే కోలుకునేదెలా అని పిల్లలు కసురుకుంటారు.

అది మొండితనం కాదు. కణితి కారణంగా ఒంట్లో పుట్టే రసాయనాలు ఆకలిని చంపేస్తాయి, కండను కరిగించేస్తాయి. డాక్టర్లు దీన్ని ‘కేకెక్సియా’ అంటారు. ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గితే దాన్ని అనుమానించాలి. 60 కిలోల మనిషికి అది 3 కిలోలే! పస్తులవల్ల చిక్కినవాడు కడుపునిండా తింటే తేరుకుంటాడు. ఇక్కడ తిండి ఒక్కటే చాలదు, మందూ తోడవ్వాలి. పుదుచ్చేరి జిప్మర్ వైద్యులు 2023లో ప్రచురించిన పరిశోధనలో, కీమోథెరపీ తీసుకుంటున్న 124 మందిలో కొందరికి రోజుకు 2.5 మిల్లీగ్రాముల ఓలాంజపిన్ ఇచ్చారు. మానసిక వ్యాధులకు వాడే చవక మాత్ర ఇది. వేసుకున్నవారిలో 60 శాతం మంది 5 శాతానికి మించి బరువు పెరిగారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 9 శాతమే.

ఈలోగా మన ఇళ్లలో పథ్యం పేరుతో గుడ్డు, పెరుగు, పప్పు మాన్పించేస్తుంటారు. ఇంతకన్నా తలకిందుల వైద్యం ఉండదు. క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు కనీసం ఒక గ్రాము, వీలైతే ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు అందాలి. 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. కంచం నిండా వడ్డిస్తే చూడగానే కడుపు నిండిపోతుంది కాబట్టి రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా పెట్టాలి: పాలు కలిపిన రాగి జావ, నెయ్యి వేసి మెత్తగా కలిపిన పప్పన్నం, సగం సున్నుండ. పోపు వాసనకే వికారం వస్తుంటే చల్లారాక పెట్టొచ్చు. షుగరో కిడ్నీ జబ్బో ఉంటే మాత్రం డాక్టర్ని అడగాలి.

ఇక ఈ జబ్బులో వచ్చే ఆయాసానికి అందరూ ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగెడతారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గనివారికి దానితో ప్రత్యేక లాభం లేదు. ముఖం మీదికి గాలి తగిలేలా చేత్తో పట్టుకునే చిన్న ఫ్యాన్ చాలామందికి ఊరటనిస్తుంది.

ఇలా బాధను తగ్గించే ఉపశమన చికిత్సను ‘చేతులెత్తేయడం’ అనుకోవడమే అసలు చిక్కు. 2010లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధన ఆ అపోహను కొట్టిపారేసింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో, మామూలు చికిత్సతోపాటు మొదటినుంచీ ఉపశమన చికిత్స అందినవారు మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు. మిగతావారు 8.9 నెలలు. ఉపశమన చికిత్స అందినవారిలో దిగులూ తక్కువే.

నొప్పి ముదిరితే మార్ఫిన్ కావాలి. మాదకద్రవ్యాల చట్టం భయంతో చాలా ఆసుపత్రులు దాని జోలికే పోయేవి కావు. 2014 సవరణ లైసెన్సుల చిక్కుముడిని కొంత విప్పింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఒకటి గుర్తుంచుకోవాలి: మార్ఫిన్ వాడేవారిలో ఎక్కువమందికి మలబద్ధకం వస్తుంది, దాంతో ఉన్న కాస్త ఆకలీ పోతుంది. కాబట్టి మార్ఫిన్ రాసిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా చీటీలో ఉందో లేదో ఇంటివాళ్లు అడిగి చూసుకోవాలి.