విద్యుచ్చికిత్స: రోగి, ఇల్లు

పంజాగుట్టలో మియాపూరు వైపు మెట్రో రైలెక్కినవారికి అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి దాటినంతనే నాలుగవ స్టేషను ఎర్రగడ్డ. జాల్నాలో నుండిన మానసిక వైద్యశాల 1953లో ఇచ్చటికి తరలివచ్చినది. క్రమముగా ఈ ఊరి పేరే నగరవాసుల నోట ఎత్తిపొడుపు మాట యైనది. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వువారికి అది వేళాకోళము. ఇంట రోగి యున్న తల్లికి గుండెకోత. ఆ మాట వెనుక దాగిన భయము పేరు "కరెంటు షాకు".

ఆ భయము నిష్కారణము కాదు. 1938లో రోము నగరమున చెర్లెట్టి, బీని అను వైద్యులు ఈ చికిత్సను తొలిసారి చేసిననాడు మత్తుమందు లేదు. మూర్ఛతో దేహమంతయు బిగిసి కొట్టుకొనెడిది. ఎముకలు విరిగినవారును కలరు. సినిమాలు నేటికిని ఆ దృశ్యమునే చూపుచున్నవి.

ఇప్పటి పద్ధతి వేరు. రోగిని పరగడుపున ఉంచి, మత్తును, కండరములు సడలు మందును ఇచ్చి, ప్రాణవాయువు నందించుచు, తలకు కొలది క్షణములు మాత్రమే విద్యుత్తు పంపుదురు. మెదడులోని మూర్ఛ సాధారణముగా ఒక నిమిషము లోపుననే ముగియును. వారమునకు రెండు మూడు మారులు, మొత్తము ఆరు మొదలు పన్నెండు వరకు చేయుట వాడుక. ఆ రెండు మందులు లేకుండ చేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

తిండి మాని, మాట మాని, చావే మేలని తలపోయు రోగికి మాత్రలు పనిచేయుటకు వారములు పట్టును; అంత వ్యవధి ఉండదు. అట్టివాడు కొన్ని మారులైన పిమ్మట తనంతట తాను కంచము ముందు కూర్చుండినచో, ఆ ఇంటివారికి వేరు సాక్ష్య మక్కరలేదు.

అయితే ఆ ఇల్లే మరియొకటియు చూచును. మొన్నటి పండుగకు ఎవరు వచ్చిరో రోగికి జ్ఞాపకముండదు. చెప్పిన మాటనే మరల అడుగును. పెక్కుమందికి ఈ మరపు కొలది వారములలో తగ్గును. కొందరికి చికిత్సకు ముందటి నెలల సంగతులు కొన్ని తిరిగి రానే రావు. "నా కూతురి పెండ్లి నాకు గుర్తులేదు" అని యొకరు వాపోయినచో, అదియు రోగలక్షణమే యని త్రోసిపుచ్చుట అన్యాయము. పోగొట్టుకొన్నవారికే దాని వెల తెలియును.

కావున సంతకమునకు ముందే అడుగవలెను. విద్యుత్తు ఇరువైపులనా, కుడివైపుననేనా? రెండవ పద్ధతిలో మరపు తక్కువ. నిర్ణయించుకొను శక్తి రోగికి ఉన్నప్పుడు సమ్మతి అతనిదే గాని అన్నదమ్ములది కాదు. తాళములు, బ్యాంకు లెక్కలు, చుట్టముల రాకపోకలు ఒక నోటుపుస్తకమున వ్రాసి ఉంచుడు. చికిత్స ముగిసెనని మందులు మానుకొనరాదు. మానినవారిలో వ్యాధి ఆరు నెలల లోపుననే తిరుగబెట్టుట తరచుగా కలదు.