గ్యాస్ కడితే జియోలైట్: గట్టు మీద వైద్యం

నాగాయలంక, మచిలీపట్నం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే సలహా ఇది: "అడుగున గ్యాస్ కట్టింది, జియోలైట్ కొట్టండి." తెల్లవారేసరికి రొయ్యలు గట్టు వారకి చేరి నీరసంగా ఈదుతుంటాయి. అడుగు కదిపితే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. రైతు అరువు మీద బస్తాలు దించుతాడు. మర్నాడూ కంపు పోకపోతే డోసు చాలలేదంటారు, మందు తప్పని ఎవరూ అనరు.

ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. జియోలైట్ పట్టుకునేది అమ్మోనియం లాంటి ధనావేశపు అయాన్లను. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఆవేశమే లేదు. నీటిలో విడిపోతే మిగిలేది రుణావేశపు అయాన్. ఇక పట్టుకునేది దేన్ని? పోనీ అమోనియానైనా లాగుతుందా అంటే, ఉప్పునీటిలో జియోలైట్ అయాన్లను పట్టే చోట్లన్నీ సోడియం, కాల్షియం ముందే ఆక్రమిస్తాయి. గుడివాడ వైపు మంచినీటి చేపల చెరువుల్లో అమోనియా మీద కాస్త పనిచేస్తుందేమో గానీ, ఆ లెక్క ఈ రొయ్యల చెరువుల ఉప్పునీటిలో చెల్లదు.

అసలు ఈ గంధకం సముద్రానిది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది; క్రీకు నీరు తోడితే అదీ చెరువులోకి వస్తుంది. తినగా మిగిలిన మేత, రెట్ట, చచ్చిన నాచు అడుగున పేరుకుంటాయి. అక్కడ ఆక్సిజన్ అయిపోగానే, దానికి బదులు సల్ఫేటుతో బతికే బాక్టీరియా పని మొదలుపెట్టి ఈ వాయువును వదులుతాయి. కొంత వాయువు మట్టిలోని ఇనుముతో కలిసి బురదను నల్లబరుస్తుంది. పిడికెడు అడుగు బురద తీసి గట్టు మీద పెట్టి చూడండి. తీసినప్పుడు కాటుకలా ఉన్నది, గాలి తగిలేకొద్దీ పైపొరన గోధుమరంగుకి తిరుగుతుంది. కావలసిన మందు ఆ గాలే.

సున్నం సంగతి మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు. సున్నంతో పీహెచ్ పెరిగి 8 దగ్గర నిలిస్తే సల్ఫైడులో విషపు రూపం పదో వంతుకు అటూ ఇటూగా పడిపోతుంది. అయితే అడుగున తయారీ ఆగదు. అతిగా కొట్టి 9కి తెచ్చారా, ఈసారి అమోనియా కాటేస్తుంది.

సొర్లగొంది మడ బురదలో అదే కంపు వస్తే కాలుష్యం కాదు, మడనేల స్వభావమే అంత. దాన్ని తవ్వి ఆరబెడితేనే లోపలి గంధకం ఆమ్లమవుతుంది. గంధకం మీద ఇంకో అపోహ: వానలో గంధకమంతా ఫ్యాక్టరీలదేననడమూ తప్పే. మంగినపూడిలో ముక్కుకు తగిలే సముద్రపు వాసనలో సూక్ష్మమైన నాచు పుట్టించే డైమిథైల్ సల్ఫైడ్ ఉంటుంది. అది గాలిలో సల్ఫేటై, మబ్బులు కట్టడానికి తోడ్పడి, వానతో నేలకూ దిగుతుంది. ఆ వాన చాలులే అని యూరియా, డీఏపీలతో సరిపెట్టే మాగాణి రైతులకు ఒక మాట: వాటిలో గంధకం దాదాపు లేదు, సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో 11 శాతం ఉంది. వరి వెనక వేసే మినుముకు ఆ గంధకం అవసరం.

చెరువు రైతు జియోలైట్ డబ్బు కరెంటు బిల్లుకి మళ్ళించడం మేలు. ఏరేటర్లు రాత్రంతా, ముఖ్యంగా తెల్లవారుజామున తిరగాలి. చెక్ ట్రేలో మేత మిగిలితే మరుపూట తగ్గించాలి. పట్టుబడి అయ్యాక అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండనివ్వాలి. పాత మడనేలైతే ఎండాక ఒకసారి కడిగి, పీహెచ్ చూసుకుని సున్నం వేయాలి.

ఇక వ్యర్థాల ట్యాంకుల్లో, సంపుల్లో దిగేవాళ్ళు "వాసన రావట్లేదు, గ్యాస్ పోయింది" అనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారిపోతుంది. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ విషవాయువుకు ఐదుగురు కార్మికులు చనిపోయారు. మనిషిని దించకుండా పంపుతో తోడించండి. ఎవరైనా లోపల పడిపోతే వెనకే దూకకండి, ముందు 112కు ఫోన్ చేయండి.