షికాగోలో తక్కువైన 6 నాట్లు

1979 మే 25. లాస్ ఏంజిలెస్ వెళ్లాల్సిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 191 విమానం షికాగో ఓహేర్ రన్‌వే మీద ముక్కు పైకెత్తుతోంది. సరిగ్గా అప్పుడే ఎడమ ఇంజిన్ ఊడి, రెక్క మీదుగా దొర్లి వెనక్కి పడింది. నేల వదిలిన 31 సెకన్లకు విమానం కూలింది. అందులోని 271 మందీ, కింద మరో ఇద్దరూ చనిపోయారు.

ఇంజిన్ ఊడింది కాబట్టే కూలిందనుకుంటాం. కానీ ఈ డీసీ-10కి ఇంజిన్లు మూడు. ఒకటి పోయినా మిగతా రెండింటితో పైకి లేవగలదు. ఊడిన ఇంజిన్, దాన్ని రెక్కకు పట్టి ఉంచే పైలాన్ కలిపి దాదాపు 6 టన్నులు. ఆ బరువు పోతూ పోతూ హైడ్రాలిక్ గొట్టాలను తెంపేసింది. దాంతో రెక్క ముందంచున చాచి ఉండాల్సిన స్లాట్లు ఎడమవైపు ముడుచుకుపోయాయి. ఇక ఆ రెక్క విమానాన్ని మోయాలంటే వేగం 159 నాట్లకు తగ్గకూడదు.

విమానం అప్పటికే 172 నాట్లు అందుకుంది. అదే వేగం మీద ఉంటే బతికేదే. ఇంజిన్ పోతే 153 నాట్లతో ఎక్కమన్నది ఆనాటి నియమం. పైలట్లు అలాగే చేశారు. తక్కువైంది 6 నాట్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. రెక్క పట్టు తప్పుతోందని కంట్రోల్ కాలమ్‌ను కుదిపి హెచ్చరించే పరికరం కెప్టెన్ వైపే ఉండేది. దానికి కరెంటు అందేది ఊడిపోయిన ఇంజిన్ జనరేటర్ నుంచే. కాక్‌పిట్‌లోంచి చూస్తే రెక్క కనబడదు కూడా. పాపం, వాళ్లను తప్పుపట్టలేం.

తప్పు ఎనిమిది వారాల ముందే, టల్సా హ్యాంగర్లో జరిగింది. ముందు ఇంజిన్ దించి, తర్వాత పైలాన్ విప్పమని తయారీదారు మెక్‌డొనెల్ డగ్లస్ చెప్పింది. టల్సాలో మాత్రం రెండింటినీ కలిపి ఫోర్క్‌లిఫ్ట్‌తో దించారు. అలా చేస్తే విప్పాల్సిన కనెక్షన్లు 79 నుంచి 27కు తగ్గుతాయి, ఒక్కో విమానానికి 200 పనిగంటలు కలిసొస్తాయి. అయితే ఫోర్క్‌లిఫ్ట్ ఏ కాస్త కదిలినా భారమంతా పైలాన్ వెనక అతుకు మీదే. అక్కడ పడ్డ 10 అంగుళాల చీలిక ఎగిరేకొద్దీ పెరిగి 13 అయింది. ప్రమాదం తర్వాత తనిఖీ చేస్తే మరికొన్ని డీసీ-10లలోనూ అలాంటి పగుళ్లు బయటపడ్డాయి. జూన్ 6 నుంచి జూలై 13 దాకా అమెరికా డీసీ-10లను ఎగరనివ్వలేదు. ఆ హెచ్చరిక పరికరం ఇద్దరు పైలట్ల వైపూ తప్పనిసరైంది.

2025 నవంబర్ 4న లూయిస్‌విల్‌లో టేకాఫ్ సమయంలోనే యూపీఎస్ సరుకు విమానం ఎడమ ఇంజిన్ పైలాన్‌తో సహా ఊడింది. అది 34 ఏళ్ల ఎండీ-11, డీసీ-10 నుంచి పుట్టిన మోడలే. పైలాన్‌ను రెక్కకు పట్టే వెనక భాగంలో మెటల్ ఫెటీగ్ పగుళ్లు కనిపించాయి. తనిఖీ పూర్తయ్యేదాకా ఎండీ-11లు ఎగరకూడదని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ నాలుగు రోజుల్లోనే ఆదేశించింది.